రంధ్రం తెరిచే ఉంది, కోణం మూసుకుంది: ఒక ప్లాటో ఐరిస్ కేసు

ఏప్రిల్‌లో ఒక ఉదయం. ఓపీ ఇంకా మొదలుకాలేదు. ఉప్పల్ వైపు నుంచి ఒకామె కుడి కన్నును కొంగుతో అదిమి పట్టుకుని వచ్చింది. వయసు 44. ఇంట్లోనే మగ్గం పెట్టుకుని జాకెట్లకు జర్దోసీ పని చేస్తుంది. రాత్రంతా వాంతులయ్యాయని వెంట వచ్చిన భర్త చెప్పాడు. ఆమె నాకు కొత్త కాదు. అంతకు ఎనిమిది నెలల ముందు రెండు కళ్ళకూ లేజర్ ఐరిడాటమీ (కనుపాప చుట్టూ ఉండే రంగు తెర ఐరిస్‌కు లేజర్‌తో చిన్న రంధ్రం పెట్టడం) చేసింది నేనే. కుర్చీలో కూర్చుంటూనే అడిగింది: “మేడమ్, రంధ్రం పెట్టిండ్రు గద. ఇగ భయం లేదన్నరు గద. మరి రాత్రి గిట్లెందుకైంది?”

ఆ ప్రశ్నకు జవాబు వెతికిన తీరునే ఇక్కడ రాస్తున్నాను. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాను. ఆమెను గుర్తుపట్టే వీలున్న వివరాలు మార్చాను.

ఆమె మొదటిసారి వచ్చింది అంతకుముందు ఏడాది ఆగస్టులో. రెండేళ్ళుగా తలనొప్పి. కుడి కనుబొమ్మ మీద మొదలై కణత దాకా పాకేది. ఒంటితలనొప్పి అనుకుని మందులు వాడుతోంది. వాటిలో రాత్రిపూట వేసుకునే అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాముల మాత్ర ఒకటి. మా దగ్గరికి వచ్చింది తలనొప్పి కోసం కాదు, సూదిలో దారం ఎక్కడం లేదని అద్దాల కోసం. మామూలు ప్రశ్నలు అడుగుతుంటే మధ్యలో ఒక మాట అంది: “పొద్దూకినంక నొప్పి లేస్తది మేడమ్. అప్పుడు బల్బు సుట్టూ సింగిడి లెక్క కనబడ్తది. పండుకుని లేస్తే పోతది.”

జబ్బు మొత్తం ఆ మూడు ముక్కల్లోనే ఉంది. చీకటి పడితే కనుపాప పెద్దదవుతుంది. ఐరిస్ అంచు ముడతపడి కోణంలోకి చేరి, కంటి లోపలి నీరు బయటికి పోయే దారిని మూస్తుంది. కంటి లోపలి ఒత్తిడి, అంటే ప్రెషర్, ఒక్కసారిగా పెరిగి కంటి ముందరి తేట పొర కార్నియాలో నీరు చేరితే దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపిస్తాయి. నిద్రలో కనుపాప చిన్నదవుతుంది, దారి తెరుచుకుంటుంది, నొప్పి పోతుంది. తలనొప్పి అని వచ్చిన ప్రతి మనిషినీ “దీపం చుట్టూ రంగులు కనిపిస్తాయా? చీకట్లో ఎక్కువవుతుందా? నిద్రపోతే తగ్గుతుందా?” అని అడగమని నా దగ్గర నేర్చుకునే పిల్లలకు చెబుతూనే ఉంటాను. పైసా ఖర్చు లేని పరీక్ష అది.

అమిట్రిప్టిలిన్ సంగతి కూడా అప్పుడే తేలింది. ఆ మందుకు కనుపాపను కొంత పెద్దది చేసే గుణం ఉంది. ఇరుకు కోణం ఉన్న కంట్లో అది జబ్బును ఎగదోస్తుంది. తలనొప్పికి ఇచ్చిన మందే తలనొప్పిని పెంచుతూ ఉండవచ్చు. ఒంటితలనొప్పికి వాడే ఇంకో మందు టోపిరమేట్. దాని దారి పూర్తిగా వేరు. కంటి లోపల ఐరిస్ వెనకుండే సీలియరీ బాడీ వాచి, కటకమూ ఐరిసూ కలిసి ముందుకు జరిగి, రెండు కళ్ళలోనూ ఒకేసారి కోణం మూసుకుంటుంది. ఉన్నట్టుండి మైనస్ నంబరు కూడా వస్తుంది. అందుకే పాత చీటీలన్నీ తెప్పించి చూశాను. అందులో టోపిరమేట్ లేదు. ఆమె డాక్టరుకు ఉత్తరం రాసి అమిట్రిప్టిలిన్ మాన్పించాను.

ఆ రోజు చూసినవి ఇవి: అద్దాలతో రెండు కళ్ళూ 6/6, కుడికి ప్లస్ 1.50, ఎడమకు ప్లస్ 1.25. గోల్డ్‌మన్ అప్లనేషన్ పరికరం మీద ప్రెషర్ 24, 22, రెండూ ఎక్కువే. కుడి కంటి నరం మధ్యలోని గుంట, అంటే కప్పు, 0.7, కింది అంచు పలచబడింది. ఎడమ 0.5. కోణాన్ని లెన్సుతో చూసే గోనియోస్కోపీలో నాలుగింట మూడు భాగాల్లో నీటిని వడకట్టే జల్లెడ, అంటే ట్రబెక్యులర్ మెష్‌వర్క్, కనబడలేదు. చూపు మేరను కొలిచే ఫీల్డ్ టెస్టులో కుడి కంటికి పై భాగాన విల్లులాంటి మచ్చ. అంటే ఇది ఇరుకు కోణం దగ్గర ఆగలేదు, నరం దెబ్బతిని కోణం మూసుకునే రకం గ్లకోమాగా మారింది. మన తెలుగులో నీటికాసులు అంటాం. పాతబస్తీ వాళ్ళు కాలా మోతియా అంటారు. 1996లో మొదలైన ఆంధ్రప్రదేశ్ కంటి జబ్బుల సర్వేలో హైదరాబాద్ ప్రజల్లోనూ ఈ రకం కనిపించింది. జబ్బు ఉన్నట్టు తేలినవాళ్ళలో ఎక్కువమందికి ఆ సంగతి అప్పటిదాకా తెలియదు. ఈమె కూడా అలాంటి మనిషే.

ఒక విషయం మాత్రం అప్పుడు చూసి కూడా పట్టించుకోలేదు. కార్నియాకూ ఐరిస్‌కూ మధ్యనుండే ఖాళీ, అంటే ముందు గది, మధ్యలో లోతు 2.8 మిల్లీమీటర్లు ఉంది. ఈ జబ్బుతో వచ్చే కళ్ళలో సాధారణంగా మధ్యలో కూడా లోతు తగ్గి ఉంటుంది, ఐరిస్ విల్లులా ముందుకు ఉబ్బి ఉంటుంది. ఈమె ఐరిస్ చాప పరిచినట్టు చదునుగా ఉండి, చివరికి వచ్చేసరికి మాత్రం గోడకు ఎగబాకినట్టుంది. ఆ తేడా కేసు షీటులో రాశాను. అయితే రాసి వదిలేశాను.

కంట్లో నీరు ఐరిస్ వెనక సీలియరీ బాడీలో ఊరుతుంది. కనుపాప గుండా ముందు గదిలోకి వచ్చి, ఐరిసూ కార్నియా కలిసే మూలలో, అంటే కోణంలో, వడకట్టుకుని బయటికి పోతుంది. ఎక్కువమందిలో అడ్డు పడేది కనుపాప దగ్గర. ఐరిస్ కటకానికి అతుక్కున్నట్టు ఆనుకుంటే వెనక నీరు పేరుకుని ఐరిస్‌ను ముందుకు నెడుతుంది. లేజర్‌తో ఐరిస్‌కు చిన్న రంధ్రం చేస్తే ముందూ వెనకా ఒత్తిడి సమమై ఐరిస్ వెనక్కి వాలుతుంది. ఆ చికిత్స ఆ అడ్డుకు చక్కగా పనిచేస్తుంది. రెండో రకం వేరు. కంటి నిర్మాణంలోనే సీలియరీ ప్రాసెసులు, అంటే సీలియరీ బాడీ మడతలు, ఉండాల్సిన చోటి కన్నా ముందుకు ఉంటాయి. అవి ఐరిస్ మొదలును కింది నుంచి ఎత్తి పట్టుకుంటాయి. గోడ పక్కన పరిచిన చాప అంచు కింద ఇటుక పెట్టండి: చాప మధ్యలో చదునుగానే ఉంటుంది, అంచు మాత్రం లేచి గోడకు ఆనుతుంది. చాపకు ఎన్ని చిల్లులు పెట్టినా అంచు దిగదు, కింద ఇటుక ఉంది కాబట్టి. ఇదే ప్లాటో ఐరిస్.

ఆగస్టులో రెండు కళ్ళకూ ఐరిడాటమీ చేశాను. వారం తర్వాత చూస్తే రంధ్రాలు బాగున్నాయి, ప్రెషర్ 18, 17. గోనియోస్కోపీ కూడా చేశాను. గదిలో లైటు వెలుగుతూనే ఉంది, కన్ను చూసే మైక్రోస్కోపు, స్లిట్ ల్యాంపు, వెలుగు వెడల్పుగా ఉండి నేరుగా కనుపాప మీద పడింది. ఆ వెలుగుకు కనుపాప చిన్నదై, ఐరిస్ లాగబడి, కోణం కాస్త తెరుచుకున్నట్టు కనిపించింది. లెన్సుతో నొక్కి చూడలేదు. “కోణం తెరుచుకుంది” అని రాసి ఆమెకు ధైర్యం చెప్పి పంపాను. అమిట్రిప్టిలిన్ మానడంతో తలనొప్పి కూడా తగ్గింది. లేజర్ పనిచేసిందనే నా నమ్మకాన్ని అది ఇంకా గట్టిపరిచింది. ఈ కేసులో తప్పు జరిగింది ఆ వారం తర్వాతి విజిట్‌లో. అది నాదే.

ఏప్రిల్‌లో కంటి ముందు దోమలు ఎగిరినట్టుందని ఆమె ఇంటి దగ్గర ఇంకో క్లినిక్‌లో రెటీనా చూపించుకుంది. ఐరిడాటమీ ఉంది కాబట్టి కనుపాప పెద్దదయ్యే చుక్కలు వేశారు. రంధ్రం ఉన్న కంట్లో అలా వేయడం తప్పు కాదు, మనమందరం రోజూ చేసేదే. జాగ్రత్త చెప్పాల్సిన కార్డు నా వైపు నుంచే వెళ్ళలేదు. రెటీనా బాగుందన్నారు. సాయంత్రానికి నొప్పి మొదలైంది.

నా దగ్గరికి వచ్చేసరికి కుడి కన్ను 6/36, కార్నియా మబ్బుపట్టినట్టుంది, కనుపాప సగం తెరుచుకుని వెలుగుకు సరిగ్గా కదలడం లేదు. ప్రెషర్ 46. ఎడమ కంట్లో నొప్పి లేదు కానీ అక్కడా 30.

మొదట చూసుకోవాల్సింది రంధ్రమే. వెనక నుంచి ఎర్రని వెలుగు మెరిసింది కదా, తెరిచే ఉందిలే అనుకోకూడదు. పిగ్మెంట్ పోయి పలచని పొర మిగిలినా వెలుగు దాటి వస్తుంది. రంధ్రంలోంచి కటకం ముందు పొర స్పష్టంగా కనిపించాలి. కార్నియా మీద గ్లిసరిన్ చుక్క వేసి చూశాను. రెండు కళ్ళలోనూ కనిపించింది. రంధ్రం తెరిచే ఉంది. కోణం మూసుకుంది. కనుపాప పెద్దది చేశాక ప్రెషర్ పెరిగింది. ఈ మూడూ కలిస్తేనే ప్లాటో ఐరిస్ సిండ్రోమ్ అంటాం. ప్రెషర్ పెరగకుండా ఆకారం మాత్రమే ఉంటే అది కాన్ఫిగరేషన్.

అయినా ముద్ర వేసేముందు మిగతావి తోసిపుచ్చాలి. ఇక్కడ కనుపాపను చిన్నది చేసే పైలోకార్పిన్ చుక్కలు వేయాలా వద్దా అన్నది వాటి మీదే ఆధారపడి ఉంటుంది. నీరు వెనక్కి దారి తప్పి పేరుకునే రకమైతే మధ్యలో కూడా ముందు గది చదునైపోతుంది. ఈమెకు మధ్యలో లోతు అలాగే ఉంది. సీలియరీ బాడీ వాపు అయితే మైనస్ నంబరు వచ్చి ఉండాలి, రాలేదు. కొత్త మందులేవీ లేవు. ఆ రెండింట్లోనూ పైలోకార్పిన్ పరిస్థితిని ఇంకా పాడుచేస్తుంది. కటకం వదులై ఊగడం లేదు. కొత్త రక్తనాళాలు లేవు, పాత వాపు గుర్తులు లేవు.

ప్రెషర్ దించడం మామూలు పద్ధతిలోనే జరిగింది. టిమొలాల్, బ్రిమొనిడిన్ చుక్కలు, సల్ఫా అలర్జీ, కిడ్నీ జబ్బు లేవని అడిగి అసెటజోలమైడ్ 500 మిల్లీగ్రాములు, ప్రెడ్నిసొలోన్ చుక్కలు. గంటన్నరకు 34కు దిగాక పైలోకార్పిన్ 2 శాతం. ప్రెషర్ మరీ ఎక్కువగా ఉన్నప్పుడు కనుపాప కండరానికి రక్తం అందదు, అప్పుడు పైలోకార్పిన్ వేసినా పలకదు. మానిటాల్ ఎక్కించే అవసరం పడలేదు. సాయంత్రానికి 22, మర్నాడు ఉదయం 17, ఎడమ 16.

మర్నాడు కార్నియా తేటపడ్డాక చేసిన గోనియోస్కోపీ గురించి వివరంగా చెప్పాలి. గదిలో దీపాలన్నీ ఆర్పించాను. తలుపు కింద సందులోంచి వచ్చే వెలుగు కూడా లేకుండా చూసుకున్నాను. స్లిట్‌ను ఒక మిల్లీమీటరు ఎత్తుకు కుదించి కనుపాప మీద పడకుండా పక్కగా ఉంచాను. నాలుగు అద్దాల సస్‌మన్ లెన్సు. నొక్కకుండా చూస్తే చుట్టూ దాదాపు ఎక్కడా మెష్‌వర్క్ లేదు, మెష్‌వర్క్ ముందు అంచునుండే ష్వాల్బే గీత దగ్గరే ఐరిస్ ఆగిపోయింది. అప్పుడు లెన్సుతో కార్నియా మధ్యలో మెల్లగా నొక్కాను. మామూలు ఇరుకు కోణమైతే నీరు అంచులకు తోసుకుపోయి ఐరిస్ మొత్తం ఒక్కసారిగా వెనక్కి వాలుతుంది. ఇక్కడ అలా కాలేదు. కనుపాప అంచు దగ్గర కటకం మీద ఐరిస్ ఒకసారి గుట్టలా లేచింది. తర్వాత పల్లంలోకి దిగింది. కోణం దగ్గరికి వస్తూ మళ్ళీ రెండో గుట్ట లేచింది. ఒంటె వీపులాంటి ఈ ఆకారాన్ని పుస్తకాల్లో డబుల్ హంప్ అంటారు. మొదటి గుట్ట కింద ఉన్నది కటకం, రెండో గుట్ట కింద ఉన్నది సీలియరీ ప్రాసెసు. ఎంత నొక్కినా రెండో గుట్ట పూర్తిగా దిగలేదు. మొదటిసారి చూసేవాళ్ళకు కూడా కనిపించేంత స్పష్టంగా ఉంది. కాకపోతే నొక్కాలి, చీకట్లో నొక్కాలి. పై భాగంలో గడియారంలో గంటల ముల్లు ఒక గంటలో తిరిగేంత మేర ఐరిస్ అతుక్కుపోయి ఉంది. మిగతాది ఇంకా అతుక్కోలేదు, ఆనుకుని మాత్రమే ఉంది. చికిత్సకు అవకాశం ఇచ్చింది ఆ తేడాయే.

అనుమానాన్ని రుజువు చేయడానికి అల్ట్రాసౌండ్ బయోమైక్రోస్కోపీ, మనం యూబీఎం అనేది, చేయించాను. కంటికి చేసే మామూలు అల్ట్రాసౌండ్, బీ-స్కాన్, 10 మెగాహెర్ట్జ్ దగ్గర పనిచేస్తే ఇది 50 దగ్గర పనిచేస్తుంది. లోతుకు సుమారు 5 మిల్లీమీటర్లే పోతుంది కానీ ఆ 5 మిల్లీమీటర్లలో ఐరిస్ వెనక ఏముందో చూపిస్తుంది. కంటి ముందు భాగాన్ని వెలుగుతో తీసే ఓసీటీ స్కాన్ ఎంత అందమైన బొమ్మ ఇచ్చినా దాని వెలుగు ఐరిస్ వెనకనున్న రంగు పొరను దాటదు, అందుకే సీలియరీ ప్రాసెసుల స్థానం అందులో కనిపించదు. ఈ యంత్రాన్ని కంటి వైద్యానికి తెచ్చిన టొరంటో వైద్యుడు చార్లెస్ పావ్లిన్ 1992లో తోటివారితో కలిసి ప్లాటో ఐరిస్‌లో సీలియరీ ప్రాసెసులే ఐరిస్‌ను ఎత్తిపడుతున్నాయని చూపించాడు.

ఆమెను పడుకోబెట్టి, రెప్పల మధ్య కప్పు పెట్టి, సెలైన్ నింపి, మసక వెలుగులో నాలుగు దిక్కులా తీశాం. మూడు దిక్కుల్లో ఒకే బొమ్మ. సీలియరీ ప్రాసెసు ముందుకు తిరిగి ఐరిస్ మొదలుకు ఆనుకుని ఉంది. వాటి మధ్య ఉండాల్సిన సల్కస్ అనే సందు లేనే లేదు. ఐరిస్ పుట్టిన చోటు నుంచి నిట్టనిలువుగా లేచి, ఒక్కసారి వంగి, అక్కడి నుంచి కనుపాప దాకా చదునుగా సాగింది. మెష్‌వర్క్‌కు ఆనుకుని ఉంది. నీటితిత్తుల కోసం ప్రత్యేకంగా వెతికాం. ఐరిస్ వెనక తిత్తులు వరసగా ఉంటే అచ్చం ఇలాంటి ఆకారమే వస్తుంది, దాన్ని సూడో ప్లాటో అంటారు. తిత్తులు నల్లని గుండ్రాలుగా కనిపించాలి, ఈమెకు లేవు. సీలియరీ బాడీ వెనక నీరు లేదు.

ఇక చికిత్స. పైలోకార్పిన్ చుక్కలతోనే కొన్నాళ్ళు నడిపిద్దామని మొదట అనుకున్నాను. అది ఐరిస్‌ను లాగి పలచబరిచి కోణం నుంచి దూరం చేస్తుంది. నాలుగు రోజులకే ఆమె ఫోన్ చేసింది. కనుబొమ్మల మీద నొప్పి, సాయంత్రం దీపం కింద పూసల రంగులు తెలియడం లేదు. కనుపాప చిన్నదైతే లోపలికి వెళ్ళే వెలుగు తగ్గుతుంది. పూస రంగు చూసి కుట్టే మనిషికి అది కుదిరే మందు కాదు.

కటకం తీసేసే మార్గం గురించీ ఆమెతో మాట్లాడాను. 2016లో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన ఈగిల్ ట్రయల్‌లో 419 మందిని చూశారు. ఇలాంటి గ్లకోమాలో శుక్లం లేకపోయినా కటకం తీయడం ఐరిడాటమీ కన్నా మెరుగని తేలింది. అయితే అందులో చేరినవాళ్ళంతా 50 దాటినవాళ్ళు. ఈమె వయసు 44, చూపు 6/6, కటకం మందం 4.1 మిల్లీమీటర్లు మాత్రమే. పైగా కటకం తీస్తే కోణం వెడల్పవుతుంది గానీ సీలియరీ ప్రాసెసులు తమ చోటు మారవు, ఇటుక ఇటుకలాగే ఉంటుంది. శుక్లం వచ్చిన రోజున ఆ పని చేద్దాం, ఈ రోజున కాదు అని ఇద్దరం అనుకున్నాం.

చేసింది పెరిఫెరల్ ఐరిడోప్లాస్టీ. రంధ్రం చేసే లేజర్ వేరు, ఇది వేరు. ఐరిస్ చివరి అంచున చిన్న చిన్న మచ్చలుగా వేడి తగిలిస్తే అక్కడి కణజాలం ముడుచుకుని కోణం నుంచి వెనక్కి లాగబడుతుంది. ముందుగా పైలోకార్పిన్, బ్రిమొనిడిన్ చుక్కలు. 532 నానోమీటర్ల ఆకుపచ్చ లేజర్, ఏబ్రహాం లెన్సు, 500 మైక్రాన్ల స్పాటు, అర సెకను. మన ముదురు గోధుమ రంగు ఐరిస్ వేడిని తొందరగా పీల్చుకుంటుంది కాబట్టి 200 మిల్లీవాట్ల దగ్గర మొదలుపెట్టి మెల్లగా పెంచాను, 260 దగ్గర కావాల్సిన ముడుచుకోవడం కనిపించింది. బుడగ వచ్చినా, పిగ్మెంట్ ఎగిరినా, నల్లగా మాడినా పవర్ ఎక్కువైనట్టే. స్పాటుకూ స్పాటుకూ మధ్య రెండు స్పాట్ల ఎడం వదిలి, కనిపించే రక్తనాళాలను తప్పించి, కంటికి 24 స్పాట్లు. కొత్తవాళ్ళు ఎక్కువగా చేసే పొరపాటు మచ్చలను మధ్యకు వేయడం. అలా వేస్తే కనుపాప వంకర పోతుంది తప్ప కోణం తెరుచుకోదు. ఎంత అంచుకు వీలైతే అంత అంచుకు, వెలుగు కాస్త తెల్లగుడ్డు అంచు మీద పడినా సరే.

కుడి కంటికి చేసిన గంటకు ప్రెషర్ 21, వారానికి 16. రెండు వారాల తర్వాత ఎడమ కంటికి. వారం పాటు స్టెరాయిడ్ చుక్కలు. ఆరు వారాలకు, ఈసారి చీకట్లోనే, చూస్తే రెండు కళ్ళలోనూ మూడు భాగాల్లో మెష్‌వర్క్ కనిపించింది. నొక్కితే మెష్‌వర్క్ వెనక అంచునుండే స్క్లెరల్ స్పర్ దాకా కనిపించింది. రెండో గుట్ట కొంచెం తగ్గింది, పోలేదు. పోదు కూడా. ఐరిస్ పలచబడింది గానీ సీలియరీ ప్రాసెసు అక్కడే ఉంది. అందుకే ఈ ఫలితం ఏళ్ళ తరబడి అలాగే నిలవకపోవచ్చు, మళ్ళీ చేయాల్సి రావచ్చు అని ముందే చెప్పాను. ఆర్నెల్లకోసారి గోనియోస్కోపీ తప్పదని కూడా.

కుడి కంటి నరం అప్పటికే దెబ్బతిని ఉంది కాబట్టి రాత్రిపూట లాటనోప్రాస్ట్ చుక్క పెట్టాను. ఆ కంటికి 14 దగ్గర ప్రెషర్ నిలిచింది. పోయిన చూపు మేర తిరిగిరాదు. మగ్గం మీద వంగి పని చేసేటప్పుడు పై భాగంలోని మచ్చ ఆమెకు తెలియదు. మెట్రో స్టేషన్‌లో పైన రాసి ఉన్న బోర్డులు చూసేటప్పుడు కుడి వైపు ఏదో తప్పిపోతోందని మాత్రం అంది. ఆగస్టులోనే చీకట్లో నొక్కి చూసి ఉంటే ఏప్రిల్ రాత్రి వచ్చేది కాదు. ఆ సంగతి ఆమెకు చెప్పాను. విని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, “ఇప్పటికైనా దొరికింది గద మేడమ్” అంది.

ఇప్పుడు ఆమె పర్సులో ఒక కార్డు ఉంది, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో. కనుపాప పెద్దది చేసే చుక్కలు వేసేముందు మాకు ఫోన్ చేయమనీ, జలుబు మాత్రలు, అమిట్రిప్టిలిన్ లాంటివి, మూత్రం ఆపుకోలేకపోతే ఇచ్చే కొన్ని మందులు, నెబ్యులైజర్‌లో పెట్టే ఇప్రాట్రోపియం ఇచ్చేముందు ఆలోచించమనీ అందులో రాశాం. మా దగ్గర ఐరిడాటమీ అయిన ప్రతి ఒక్కరికీ వారం తర్వాతి గోనియోస్కోపీని దీపాలు ఆర్పి, నొక్కి చేసే పద్ధతి ఆ నెల నుంచే పెట్టాం. షీటులో దానికి వేరే గడి గీయించాను. “రంధ్రం తెరిచి ఉంది” అన్న గడి పక్కనే “చీకట్లో కోణం” అన్న గడి. రెండోది ఖాళీగా ఉంటే ఫైలు ముందుకు కదలదు.

ఈ ఆకారం కుటుంబాల్లో నడుస్తుంది కాబట్టి తోడబుట్టినవాళ్ళను తీసుకురమ్మన్నాను. పోయిన నెల చెల్లెలితో వచ్చింది. చెల్లెలి వయసు 39, తలనొప్పి లేదు, ఏ ఇబ్బందీ లేదు, అక్క బలవంతం మీద వచ్చింది. ప్రెషర్ 15, నరాలు బాగున్నాయి. గదిలో దీపాలు ఆర్పి లెన్సు పెట్టి మెల్లగా నొక్కాను. ఒక గుట్ట, పల్లం, మళ్ళీ గుట్ట. యూబీఎం వచ్చే బుధవారానికి రాశాను.